తాడు మీద తువ్వాళ్లు

దశమి

ఈ పుస్తకం, సముద్రానికి అడ్డంగా మడచెట్ల వేళ్లతో అల్లిన గోడ దగ్గరి రేకుపెట్టెలో ఉంటుంది. గోడలో ఏ పాయలో, అంటే ఏ భాగంలో, వేళ్లు ఎలా ఉన్నాయి, పీతలు ఎక్కడ కొరికాయి, ఆ ఒక్క సంగతే రాసిపెట్టడం మామూలు. తరవాత వచ్చేవాళ్లకి పనికొస్తుందని. మనుషుల సంగతి రాయకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు. కాబట్టి రాస్తాను. నేను బడికి పోలేదు. ఒకప్పుడు మన చేత గోడ అల్లించిన సంస్థవాళ్లు దాని పొడుగునా కొట్టిన హెచ్చరిక పలకలు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. నా రాతలో బెదిరింపులు ఎక్కువుంటే సర్దుకోండి.

ఏడో పాయలో వేళ్లు రాత్రికి రాత్రి మూరెడు పెరిగాయి. అన్నీ సముద్రం వైపే. మడవేరుకు సిగ్గు లేదు. ఎంత వంచినా తెల్లారేసరికి మళ్లీ ఉప్పునీళ్లకేసి చేతులు చాస్తుంది. దాన్ని పట్టి, వెనక్కి వంచి, పక్కవేరు కిందనుంచి తీసి, పైకి లాగి, జడ అల్లినట్టు అల్లాలి. ఇనుము తగిలితే నల్లబడి చచ్చిపోతుంది కాబట్టి యంత్రాలు పనికిరావు. చేతులే కావాలి. ఒక్క పూట వదిలేస్తే సందు పడుతుంది. అవతల మన ఇంటికప్పుల ఎత్తున నిలబడి ఉన్న సముద్రానికి ఆ సందు చాలు.

ఇవాళ ఏడో పాయలో నేనొక్కదాన్నే. గోడ వంపు తిరిగి ఉంటుంది, ఒక పాయలో ఉన్నవాళ్లకి ఇంకో పాయ కనబడదు. అయినా బెంగపడలేదు. పొద్దున్న గేటు దగ్గర నా తువ్వాలు కట్టడానికి తాడు మీద చోటే దొరకలేదు. ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తువ్వాళ్లే. తాడు నిండిందంటే చాలినంతమంది గోడ మీద ఉన్నారని. నిండకపోతే దారినపోయేవాడు చూసి, బుద్ధి పుడితే, తన తువ్వాలు కట్టి లోపలికి వస్తాడు. ఎవరూ ఎవర్నీ పనికి రమ్మనకూడదు. పేరు పెట్టి పిలవకూడదు. మన వాడలో కట్టుబాటు అదొక్కటే. సంస్థ మన కాళ్లకేసిన కడియాలు కోసేసిన రోజున పెట్టుకున్నాం.

మధ్యాహ్నం ఎనిమిదో పాయ నుంచి బైరాగి తాత వచ్చి అంబలి పంచుకున్నాడు. నా అల్లిక చూసి, ఇది జడా కాకిగూడా అన్నాడు. కాకిగూడైనా నీళ్లు ఆపుతుందన్నాను. నవ్వాడు. ముసలాయన చేతులు ఇప్పటికీ నా చేతులకంటే వేగం.

ఏకాదశి

ఏడో పాయ అడుగున చెమ్మ. వేలు పెట్టి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు.

ఇది చిన్న సంగతి కాదు. అమావాస్య పోటుకు చెమ్మ ధార అవుతుంది, ధార గండి అవుతుంది. గండి పడితే మొదట మునిగేది పల్లపువీధి. అక్కడ మా అక్క పైడితల్లి, ఏడాది నిండని దాని కూతురు ఉన్నారు. మిగతా వాడ మునగడానికి ఇంకొక్క పోటు చాలు. ఎత్తైన చోటు, ఒకప్పుడు సంస్థ పేర్లు పిలిచిన బాకా దిబ్బ ఒక్కటే, దాని మీద ఎంతమంది పడతారు?

ఒక్కదాన్ని అల్లితే తెమలదని పక్క పాయల్లో చేతులు చూసుకుందామని బయల్దేరాను. ఆరో పాయలో ఎవరూ లేరు. ఐదులో లేరు. నాలుగులో ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు, వాళ్లు నన్ను చూసి, మిగతావాళ్లంతా మీ వైపు ఉన్నారనుకున్నాం అన్నారు. గోడ ఈ కొస నుంచి ఆ కొసదాకా నడిచాను. కనబడినవాళ్లను లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్లు ఎక్కువయ్యాయి.

గేటు దగ్గరికి వచ్చి తాడు చూశాను. నిండుగానే ఉంది. ఒక తువ్వాలు పట్టుకుంటే అప్పడంలా విరిగేట్టుంది. ఉప్పుగాలికి ఎన్నాళ్లుగా బిగుసుకుపోయిందో. పక్కదీ అంతే. ఆ పక్కదీ అంతే. చెమట తుడుచుకున్న తువ్వాలు ఇలా ఉండదు. కట్టినవాళ్లు కట్టి, వెళ్లిపోయి, మళ్లీ రాలేదు.

దారినపోయేవాళ్లు మాత్రం రోజూ చూస్తున్నారు. తాడు నిండింది కదా అని నెమ్మదిగా ఇంటికి పోతున్నారు.

కామేశం గేటు పక్క అరుగు మీద కూర్చుని తీగల పెట్టె వాయిస్తున్నాడు. నాకు వరసకు బావ. వాడి పచ్చంచు తువ్వాలు తాడు మధ్యలో ఉంది. నువ్వు గోడ మీద లేవు, నీ తువ్వాలు ఎందుకుందని అడిగాను.

"నేను రాలేకపోయినా నా మనసు ఆడ ఉన్నాదని, మరదలా."

మనసుతో వేరు వంగుతుందా అన్నాను. వాడు వాయించడం ఆపలేదు. రావడం నా ఇష్టమైతే రాకపోవడం కూడా నా ఇష్టమే, రెండోది లేకపోతే మొదటిది కడియమే కదా అన్నాడు. నాకు ఇంకా మండింది.

ద్వాదశి

చెమ్మ అరచేతి వెడల్పయింది. అల్లాను. వేళ్ల సందుల్లో చర్మం ఊడింది.

సాయంత్రం పల్లపువీధికి వెళ్లాను. అక్క చేపల పులుసు పెట్టింది. తింటూ దండెం చూశాను. దాని ఎర్ర గళ్ల తువ్వాళ్లు జత ఉండాలి, ఒకటే ఉంది. రెండోది ఎక్కడుందో నాకు తెలుసు, పొద్దున్నే తాడు మీద చూశాను, అది మరెవరిదో అయి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. అడిగాను. అక్క దాచలేదు. పాప పుట్టకముందు ఒకసారి వచ్చి కట్టిందట. గేటు దాటలేక తిరిగి వచ్చేసిందట. తాడు బోసిగా ఉంటే చూసేవాళ్లకి గుండె జారుతుందని తువ్వాలు మాత్రం ఉంచేసిందట.

గండి పడితే మొదట పోయేది నీ కూతురని అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. అక్క కంచం తీసేసి, చేతులు కడుక్కుని, అప్పుడు చెప్పింది.

"జొరంతో ఉన్నా నా పేరు పిలిసేవారు. పిలిసిన కాణ్నించి గోడకాడికి పోయేదాకా కడియం కాల్ని కొరికీది. నీకు కడియం ఏసిన యేడే కోసేసినారు, నీకేటి తెలుస్తాది? ఇప్పుడు ఆ గోడ సూస్తే నా కాలు దానంతటదే లాగుతాదే. కడియం లేదు, అయినా లాగుతాది. నేనేటి సెయ్యను?"

పాపను కాసేపు ఎత్తుకుని వచ్చేశాను.

గోడకు తిరిగొచ్చి తాత మీద పడ్డాను. పేరు పెట్టి పిలవకూడదన్న కట్టుబాటు మొదట నోట పెట్టింది ఆయనే. తువ్వాళ్ల సంగతి చెప్పి, అందరూ దొంగలన్నాను. ఆయన వేరు అల్లుతూనే, తాడుకు మొదటి ముడి దగ్గరున్న నీలం తువ్వాలు ఎవరిదో తెలుసా అన్నాడు. తెలియదన్నాను. నరసాయమ్మదట. ఆయన భార్య. నీళ్లు కక్కుతున్న మనిషిని బాకాలో పేరు పిలిస్తే గోడ దగ్గరికి వచ్చి ఇక్కడే పడిపోయింది. వాడలో అందరికీ తెలిసిన కథ. తెలియనిది ఏమిటంటే, కడియాలు కోసిన మర్నాటి నుంచీ ఆయన రోజూ రెండు తువ్వాళ్లు కడుతున్నాడు. తనది ఒకటి, ఆమెది ఒకటి. ఆమె తన ఇష్టంతో వచ్చినట్టు ఒక్కరోజైనా ఉండాలని.

"జనం సూసినారు. సచ్చిపోయినోళ్లకి కట్టొచ్చనుకున్నారు. ఆ తర్వాత జొరమొచ్చినోళ్లకి. ఆ తర్వాత ఊరికే. మొదలెట్టింది నేనే. నన్ను తిట్టు."

తిట్టలేదు. కానీ పిలుద్దాం తాతా, ఈ ఒక్క పోటుకే పిలుద్దాం అన్నాను. ఆయన వద్దన్నాడు. ఈ ఒక్క పోటుకే అని సంస్థ కూడా మొదట అందట.

త్రయోదశి

తెల్లారగానే తాడు మీది తువ్వాళ్లన్నీ విప్పేశాను. బావి దగ్గర ఉతికి, తడివి తడిగానే తట్టలో పెట్టుకుని ఇంటింటికీ తిరిగాను. రమ్మనలేదు. గోడ అన్న మాట ఎత్తలేదు. గుమ్మంలో నిలబడి తువ్వాలు చాపి, మీదేనా అని మాత్రం అడిగాను. కట్టుబాటులో దీనికి అడ్డేమీ లేదు.

కొందరు తల వంచుకుని తీసుకున్నారు. ఒక ముసలామె తన తువ్వాలు వాసన చూసుకుని, ఇంత శుభ్రంగా నేనెప్పుడూ ఉతకలేదమ్మా అంది. ఇద్దరు మగవాళ్లు మాత్రం, నువ్వెవరివి లెక్కలు తీయడానికి, సంస్థ కూతురివా అన్నారు. కామేశం తన తువ్వాలు భుజాన వేసుకుని, ఇస్త్రీ కూడా చేయించి తేవాల్సింది మరదలా అన్నాడు. వాడి మొహం మాత్రం నవ్వలేదు.

అక్క గుమ్మంలో ఎర్ర గళ్లది పెట్టి వచ్చేశాను. తలుపు తట్టలేదు.

నరసాయమ్మ తువ్వాలు ఏం చేయాలో తెలియలేదు. తాత చేతిలో పెట్టాను. ఆయన మడిచి రొండిన దోపుకున్నాడు.

తాడు ఇప్పుడు బోసిగా ఉంది. నిజంగా ఎలా ఉండాలో అలా.

ఇంకో పని కూడా చేశాను. బాకా దిబ్బ మీద, కడియాలు కోసిన రోజున తెంపేసిన బాకా తీగ అలాగే వేలాడుతోంది. దాన్ని కలిపాను. బాకాకు కరెంటిచ్చే సూర్యుడి పలక కూడా తుడిచాను. మీట నొక్కితే నాలుగు మూతుల్లోంచీ సన్నగా గురక వచ్చింది. వెంటనే ఆపేశాను. వాడతానని కాదు. ఉండాలని.

చతుర్దశి

తాడు మీద కొత్తగా కట్టిన తువ్వాళ్లు ఇరవై కూడా లేవు. ప్రతి తువ్వాలుకూ మనిషి ఉన్నాడు, అది నిజం. ఆ మనుషులు చాలరు, అదీ నిజం.

కామేశం వచ్చాడు. అల్లడం రాదు. వేరును పాము మెడ పట్టినట్టు పట్టుకుంటాడు. వాణ్ని ఆరో పాయలో పెట్టాను. సాయంత్రానికి అరచేతులు చూపించి, స్వేచ్ఛ ఇలా ఉంటుందనుకోలేదన్నాడు. వేప నూనె ఇచ్చాను.

అక్క తువ్వాలు లేదు.

ఏడో పాయ అడుగున ధార మొదలైంది. కాలి బొటనవేలంత. తాతా నేనూ కలిసి అల్లితే ఆగింది, పక్కన ఇంకోచోట మొదలైంది.

తాత బాకా దిబ్బ మీదికి ఎందుకు వెళ్లాడో తెలియదు. తిరిగి వచ్చాక నాతో అంబలి పంచుకోలేదు. నేను కలిపిన తీగ చూశాడు.

అమావాస్య

ఇది మర్నాడు రాస్తున్నాను. నిన్న రాసే చేతులు లేవు.

పొద్దెక్కుతుండగా పోటు తిరిగింది. గాలి తూర్పు నుంచి. ఏడో పాయలో వేళ్లు ఒక్కసారిగా సముద్రం వైపు సాగాయి, జడ ముడి విప్పినట్టు అల్లిక అంతా జారింది. మనిషి దూరేంత సందు పడింది. తాత ఆలోచించలేదు. సందులోకి దూరి, వీపు అవతలికి పెట్టి, రెండు చేతులతో రెండు వైపులా వేళ్లు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన భుజాల మీదుగా నీళ్లు నా మొహాన కొట్టాయి.

ఉన్నవాళ్లందరం అల్లాం. ఒక వరస అల్లేలోపు కింద రెండు వరసలు జారుతున్నాయి. పల్లపువీధిలోకి నీళ్లు పోతున్న చప్పుడు వినబడింది. ఆ చప్పుడు వేరుగా ఉంటుంది. గిన్నెలు తేలే చప్పుడు.

తాత మొహం నల్లబడింది. పళ్ల సందునుంచి అన్నాడు.

"పో. పిలు. నా పేరు పిలు. నా ఒక్కడిదే."

మీరు ఇక్కడే ఉన్నారుగా అన్నాను.

"అందుకే. ఉన్నోణ్ని పిలిస్తే ఎవుడి మీదా దెబ్బ పడదు. నేనిక్కడున్నానని తెలిస్తే వొచ్చేవోళ్లు వొస్తారు. ఇంకొకరి పేరు ఎత్తకు."

పరిగెత్తాను. దిబ్బ ఎక్కాను. మీట నొక్కి, బైరాగి, ఏడో పాయ అన్నాను. నా గొంతు నాలుగు దిక్కుల నుంచీ తిరిగి నా మీదే పడింది. దిబ్బ మీంచి పల్లపువీధి కనబడుతోంది. అక్క గుమ్మంలో నీళ్లు. పాపను భుజాన వేసుకుని గడప మీద నిలబడిపోయి ఉంది, కదలడం లేదు. వీధి అంతా అలాగే. తలుపుల్లో మనుషులు, బొమ్మల్లా.

నాకు కోపం వచ్చింది. అది కోపమో భయమో ఇప్పుడు విడదీసి చెప్పలేను. పైడితల్లి, ఏడో పాయ అన్నాను. తరవాత పక్కింటివాళ్ల పేరు. తరవాత ఆ పక్క. పేర్లన్నీ నాకు తెలుసు, మొన్న తువ్వాళ్లు పంచినదాన్ని కదా, ఇంటి వరసన వచ్చేశాయి. వాడంతా పిలిచాను. ఒక్క పేరూ వదల్లేదు.

వచ్చారు. ఎలా వచ్చారో రాయాలి, ఎందుకంటే తరవాత ఎవరైనా ఇది మంచి ఉపాయమని అనుకోకూడదు. పరిగెత్తుతూ రాలేదు. నడిచి వచ్చారు, వరసలో, ఒకరి వెనక ఒకరు, చూపులు నేల మీద. కాలికి ఏమీ లేకపోయినా వంగి మడమ పట్టుకుంటూ వచ్చారు. తువ్వాలు వాసన చూసుకున్న ముసలామె చీరలోనే ఒంటేలు పోసుకుంది, ఆగలేదు. మా అక్క పాపను దిబ్బ కింద ఎవరి చేతిలోనో పెట్టి వరసలో నిలబడింది. నా వైపు చూడలేదు.

అల్లారు. ఎలా అల్లాలో వాళ్ల చేతులకు తెలుసు, ఏళ్ల తరబడి చేసినవాళ్లు. పోటు తీసేసరికి సందు మూసుకుంది. తాతను లాగడానికి వేళ్లు మళ్లీ విప్పాల్సి వచ్చింది. ఎడమ కాలు రెండుచోట్ల విరిగింది. ఆయన నా మొహం చూసి, ఎందర్ని పిలిచావని అడిగాడు. అందర్నీ అన్నాను. కళ్లు మూసుకున్నాడు.

గోడ నిలిచింది. పల్లపువీధిలో నీళ్లు మోకాలి దగ్గర ఆగాయి. ఎవరూ చావలేదు.

పాడ్యమి

ఏడో పాయ అల్లిక గట్టిగా ఉంది. చెమ్మ లేదు. రాయాల్సినది ఇంతే అయితే ఎంత బాగుండేది.

పొద్దున్న తాడు మీద ఒక్క తువ్వాలు లేదు. మొన్న కట్టిన ఆ కొన్ని కూడా లేవు. ఊరంతా గుమ్మాల్లో నిలబడి ఉంది, మొహాలు కడుక్కుని, చేతులు కట్టుకుని, బాకా దిబ్బ వైపు చూస్తూ. ఎవరికోసమని కామేశాన్ని అడిగాను. వాడూ వాళ్ల గుమ్మంలోనే ఉన్నాడు.

"ఇయాళ ఎవరి పేర్లో సెప్పకపోతే ఎలగ తెలుస్తాది?" అన్నాడు. వెటకారం అనుకుని మొహంలోకి చూశాను. వెటకారం కాదు.

ఇవాళ గోడ మీద మేం ఇద్దరమే. కామేశం కూడా నేను వాళ్ల గుమ్మం ముందు చాలాసేపు ఏమీ అనకుండా నిలబడితే వచ్చాడు. అమావాస్య దాటింది కాబట్టి గోడ ఊరుకుంది. ఎప్పుడూ ఊరుకోదు.

సాయంత్రం అక్క ఇంట్లో బురద తోడాను. అది కూడా తోడుతోంది. తోడుతూనే అంది.

"నా కూతురు బతికింది నువ్వు పిలవబట్టే. కాదన్ను." పార ఆపి నా వైపు తిరిగింది. "రేపు మాత్రం నా పేరు పిలవకే. పిలిస్తే వొచ్చేస్తాను. అదే నా బయ్యం."

తాత మంచం మీద ఉన్నాడు. కాలికి వెదురు బద్దలు కట్టారు. తీగ మళ్లీ తెంపేస్తాను తాతా అన్నాను. తెంపితే మాత్రం వాళ్ల చెవుల్లో ఆగుతుందా అని అటు తిరిగి పడుకున్నాడు. రొండిన నీలం తువ్వాలు ఇంకా అలాగే ఉంది. తీయమన్నాడు. దాన్ని నా చేతిలోనే ఉంచేశాడు.

విదియ

నిద్ర లేదు. తెల్లారుతుండగా తీగ తెంపే శ్రావణం పట్టుకుని దిబ్బ ఎక్కాను. కింద గుమ్మాల్లో అప్పటికే మనుషులు. నన్ను చూసి నిటారుగా నిలబడ్డారు. చిన్నపిల్లలు కూడా. కడియం ఎలా ఉంటుందో చూడనైనా చూడని పిల్లలు. వాళ్లు పెద్దవాళ్లను చూసి నిలబడ్డారు.

తెంపితే వీళ్లు ఇలాగే నిలబడి ఉంటారు, పిలుపు రాక. పిలిస్తే నేను సంస్థను. రెండూ చేయలేకపోయాను. అప్పుడు తాత మాట గుర్తొచ్చింది. ఉన్నవాణ్ని పిలిస్తే ఎవరి మీదా దెబ్బ పడదని. ఆయన చెప్పింది ఆ ఒక్క పనే, నేను దాన్ని కూడా సరిగ్గా చేయలేదు.

మీట నొక్కాను.

"నూకాలు. ఏడో పాయ."

నా పేరు, అంతే అన్నాను. మీట వదిలేయలేదు, అలా నొక్కి పెట్టి దాని మీద రాయి పెట్టాను. మైకు అక్కడే వదిలేశాను. దిగి, గేటు దగ్గర నా తువ్వాలు కట్టాను. నీలం తువ్వాలు కట్టలేదు. నరసాయమ్మను ఇంక ఎవరూ పనికి పంపకూడదు. దాన్ని తలకు చుట్టుకున్నాను, ఎండకు.

ఏడో పాయలో వేళ్లు మూరెడు పెరిగాయి. సముద్రం వైపు. పీతల కాటు లేదు. నేనొక్కదాన్నే.

ఇది గోడ మీద కూర్చుని రాస్తున్నాను. బాకా మీట నొక్కే ఉంది కాబట్టి గాలి హోరు వాడంతా వినబడుతోంది. దిబ్బ మీద గాలి. ఇప్పుడు గాలి కాకుండా ఇంకేదో ఉంది. మెట్ల మీద అడుగులు. ఒక కాలు కొంచెం ఈడుస్తూ, కడియం ఇంకా ఉన్నట్టు. చంకలో పసిపిల్ల ఏదో గునుస్తోంది.

తన పేరు చెప్పబోయేవాళ్లలా ఎవరో మైకు దగ్గర గొంతు సవరించుకున్నారు.